హోటలుకు చుక్కలు చూస్తడు, ఏజెంటుకు లైసెన్సు చూడడు

మాది తరిగొప్పుల. సిరిసిల్ల, జగిత్యాల దిక్కు లెక్క ఇంటికొకడు దుబాయ్ పోయిన ఊరు కాదు. అయినా బోర్లు ఎండినప్పుడల్లా ఒకరిద్దరు మూట సర్దుతనే ఉంటరు.

మా రోజుల్ల గల్ఫు పోవుడంటే మామూలు ముచ్చట కాదు. జనగామల రైలెక్కి సికింద్రాబాద్, అక్కడ మారి బొంబాయి. ఏజెంటు చూపిన ఇరుకు గదిల చాప పరుసుకొని, వీసా ఎప్పుడొస్తదా అని నెలలకొద్ది కూసునుడు. అచ్చినోడు ఇమానం ఎక్కిండు, రానోడు అప్పు నెత్తిన పెట్టుకొని ఊరికొచ్చిండు. పోయినోని జాబు కోసం పోస్టుమ్యాన్ తొవ్వ చూసేటోళ్లం. రాత రానోడు టేప్‌రికార్డర్ల మాట్లాడి క్యాసెట్ పంపేది. ఇంటిల్లిపాది చుట్టు కూసొని, బ్యాటరీలు దిగి వాని గొంతు సాగిపోయేదాక వినేటోళ్లు.

అంత కష్టముండె గనుకనే ప్రతిదీ నలుగుర్ని అడిగి చేసేది. పాస్‌పోర్టు నంబరు, కఫీలు (పనికి పెట్టుకునే అక్కడి యజమాని) పేరు, పోయే ఊరు పేరు ఇంటి గోడ మీద బొగ్గుతోని రాసి పెట్టిపోయేది. ఇప్పటి పోరగాండ్లకు అన్నీ ఫోన్లనే. ఆ ఫోన్ పోతే? ఇంట్ల ఒక జిరాక్స్ కాగితం గూడ ఉండది.

మా మనుమడు మొన్న ఏమన్నడో తెలుసా? “తాతా, దుబాయ్‌కు విజిట్ వీసా మీద పోత, అక్కడ పని దొరికినంక మార్చుకుంట.” చుట్టం సూపుకు పోయే వీసా మీద పని చేసుడు అక్కడ నేరంరా అంటే, “అందరూ పోతున్నరు” అంటడు. అందరూ పోతున్నరు, కొందరు కాగితాలు లేని కల్లివెల్లి అయి పోలీసుకు కనపడకుంట దాక్కుంటున్నరు. దుబాయ్ ఉన్న యూఏఈ దేశపు సర్కారు 2018ల ఒకపారి, 2024ల ఒకపారి ఆమ్నెస్టీ, అంటే మాఫీ, ఇస్తే గాని బయటపడనోళ్లు ఎందరో.

బిర్యానీ తినబోతే ఆ హోటలుకు ఎన్ని చుక్కలొచ్చినయో చూస్తడు. ఏజెంటు లైసెన్సు మాత్రం చూడడు. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్ల సర్కారు గుర్తింపున్న ఏజెంట్ల పేర్లన్నీ ఉంటయి. సర్వీస్ చార్జీ ముప్పై వేలు, మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోవద్దని రూలున్నది. రసీదు అడిగితే ఏజెంటు ఏమనుకుంటడో అని వీనికి మొహమాటం. లక్షలు ఇచ్చేటప్పుడు లేని మొహమాటం!

ఇంకో తమాషా. 1983 వలస చట్టం కింద, పది పాస్ కానోని పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని, అంటే వలస మంజూరు కావాలని, ఉంటది. వాడు గల్ఫుకు పోవాల్నంటే వలస పోయేటోళ్లను చూసుకునే సర్కారు ప్రొటెక్టర్ ఆఫీసు మంజూరు కావాలె, కాంట్రాక్టు కాగితం చూపాలె, ప్రవాసీ భారతీయ బీమా కట్టాలె. రెండేండ్లకు 275 రూపాయలు. ప్రమాదంల పాణం పోతే ఇంటోళ్లకు పది లక్షలు. చదువుకున్నోనికి ఆ అడ్డం లేదు, అడిగేటోడు లేడు. అందుకే చదువుకున్నోడే సక్కగ పోయి గుంతల పడుతున్నడు. థాయిలాండ్ల కంప్యూటర్ కొలువని పోయిన పిల్లలను మయన్మార్ల సైబర్ దొంగల అడ్డాల పెట్టిండ్రు గదా! 2025 మార్చిల వాయుసేన ఇమానాలల్ల ఐదువందల మందికి పైగా వాపసు తెచ్చిండ్రు, అండ్ల తెలంగాణ పిల్లలు గూడ ఉండిరి. వాళ్లంత డిగ్రీలు లేనోళ్లా?

నేను నోరు చేసినంక మనుమడు విజిట్ వీసా మాట ఇడిచిండు. కంపెనీ కాంట్రాక్టు తెప్పిచ్చుకున్నడు. జీతమెంత, తిండెవలిది, గదెవలిది, నేనే వేలు పెట్టి ఒక్కో లైను సదివిపిచ్చుకున్న. దుబాయ్ల మన కాన్సులేటు నంబరు గోడ మీద రాసిన. సున్నమేసిన గోడ ఖరాబు చేసినవని కోడలు గులిగింది.

ఆఖరికి సూట్‌కేసు ఇప్పిచ్చిన. పక్కింటోళ్లు వాళ్ల అల్లునికియ్యమని ఇచ్చిన కుట్టేసిన పార్శిల్ ఒకటి, డాక్టర్ చీటీ లేని నొప్పుల గోలీలు, మసాలా డబ్బాల గసగసాల పొట్లం. ఆ దేశంల గసగసాలు మత్తు సరుకు కింద లెక్క, దొరికితే జైలే. మూడూ తీసి పక్కకు పెట్టిన. పక్కింటోళ్లు అలిగిండ్రు. గోలీలకు చీటీ రాపిచ్చినం. గసగసాల కాడ మాత్రం కోడలు ఇప్పటికీ ఒప్పుకుంటలేదు. అవి లేకుంటే పోరనికి కోడికూర బుక్క దిగదట.