పొరుగూరి ఇంజినీరుకు కళ్ళెక్కువ

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెతను మన ప్రభుత్వాలు వంటబట్టించుకున్నంతగా ఇంకెవరూ వంటబట్టించుకోలేదు. ఎక్కడ వంతెన కూలినా మర్నాడు పొద్దున్నే వినిపించే మాట ఒకటే: ‘థర్డ్ పార్టీ చేత తనిఖీ చేయిస్తాం’. మొదటి పార్టీ, రెండో పార్టీ ఎవరని అడక్కండి. ఒకరు బిల్లు పెట్టినవారు, ఇంకొకరు దానిమీద సంతకం పెట్టినవారు.

వచ్చే మూడో ఆయన చదువును శంకించను. కాంక్రీటును సుత్తి పరికరంతో కొట్టి గట్టితనం చూస్తాడు, అల్ట్రాసౌండ్ పంపి లోపలి పగుళ్ళు వెతుకుతాడు, స్తంభాల మొదట్లో ఇసుక ఎంత కోసుకుపోయిందో కొలుస్తాడు. కావలసిన పనులే. చివరికి లావుపాటి నివేదిక వస్తుంది. అందులో ఒక రంగుల ఫోటో: పిట్టగోడ పగులులోంచి తల ఎత్తిన రావి మొక్క, దాని పక్కన మట్టితో పూడిపోయిన నీటి గొట్టం. ఆ మొక్క సంగతి మేకలు తోలుకెళ్ళే గుంటడికి ఎప్పుడో తెలుసు. పోతూ పోతూ రోజూ రెండు రెమ్మలు విరిచి మేకకు పెడుతుంటాడు. నిజానికి ఆ వంతెనకు జరుగుతున్న నిర్వహణ అదొక్కటే. వానలకు ముందూ తర్వాతా వంతెనల్ని చూసుకోవాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎన్నడో రాసిపెట్టింది, పాపం. మేకకు ఆ రూలు తెలియకపోయినా పాటిస్తోంది.

ఇచ్ఛాపురంలో బాహుదా మీద వంతెన 1929 నాటిది. 2023 మే 3న పొద్దున్నే సుమారు 70 టన్నుల గ్రానైట్ రాయి మోసుకుని లారీ ఒకటి దానిమీదికి ఎక్కింది. లారీతో సహా వంతెన నదిలోకి దిగిపోయింది. తెల్లదొరల నాటి వంతెన మీద అంత బరువు ఎక్కిస్తే ఏమవుతుందో తేల్చడానికి ఐఐటీ కావాలా? ఊళ్ళో ఏ టీకొట్టు దగ్గర అడిగినా “ఏటవుతాది బాబూ, ఇరిగి పడతాది” అని ఫీజు లేకుండా చెప్పేవారు. బొబ్బిలి దగ్గర వేగావతి మీద పారాది వంతెన పరిస్థితి తెలియాలంటే, దానిమీదికి వచ్చేముందు బస్సు డ్రైవరు గేరు మార్చే తీరు చూస్తే చాలు. ఇక కొమరాడ వైపు నాగావళి మీద పూర్ణపాడు–లాబేసు వంతెన ఏళ్ళ తరబడి మొండి స్తంభాలుగానే నిలబడింది. తనిఖీలో నూటికి నూరు మార్కులు దానికే: బండి ఎక్కితేనే కదా లోపం బయటపడేది!

బయటి కంటికి అన్నీ కనిపిస్తాయంటారా? అమెరికాలో, మినియాపొలిస్‌లో మిసిసిపీ నది మీది వంతెన 2007 ఆగస్టు 1న కూలి 13 మంది చనిపోయారు. దాన్ని పరీక్షించడానికి అంతకుముందే యూఆర్ఎస్ అనే బయటి సంస్థను పెట్టుకున్నారు. ఉక్కు దూలాలను కలిపే పలకలు వంగి ఉన్నట్టు 2003 నాటి ఫోటోల్లోనే ఉంది. ఫోటోకు చిక్కింది, నివేదికకు చిక్కలేదు. ఆ సంస్థ చివరకు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించి కేసులు రాజీ చేసుకుంది. లోపం పట్టుకోకపోతే అలా డబ్బు కట్టాలనే షరతు రాసి మన టెండరు పిలవండి, ఎంతమంది కన్సల్టెంట్లు వస్తారో చూద్దాం.

బయటాయన్ని పిలిచేది కళ్ళ కోసం కాదు లెండి, సంతకం కోసం. మన ఏఈ ‘ప్రమాదకరం’ అని రాస్తే ఆ పూట నుంచే పైవాళ్ళు ఏదో ఒకటి చెయ్యాలి. బయటాయన రాస్తానంటే ఆయన రాసేదాకా ఆగొచ్చు.

సరే, రాశాడే అనుకుందాం. భారీ వాహనాలు ఆపమన్నాడు. వంతెనకు ఇవతల ఒక కాటా, ఇద్దరు మనుషులు చాలు. కానీ కాటా పెడితే రాయి లారీ ఆగుతుంది. లారీ ఆగిన పది నిమిషాలకు ఫోన్ మోగుతుంది. “మనోడి బండేనయ్యా, ఒగ్గీ” అంటుంది అవతలి గొంతు. ఆ ఫోన్ ఎత్తడానికి అక్కడ ప్రొఫెసరుగారు ఉండరు, హోంగార్డు ఉంటాడు.