డబ్బా విప్పితే ఒట్టు

యాభై దాటాక బాల్యం మీద ప్రేమ పుట్టుకొస్తుంది. అది తప్పు కాదు. కానీ దాన్ని అదుపులో పెట్టకపోతే మనవళ్లతో కలిసి నేల మీద కూర్చుని ఆడుకునే దాకా పోతుంది. ఆ ప్రమాదంలో పడకుండా పాత బొమ్మల సీరియల్‌ని ఎలా ప్రేమించాలో 'థండర్‌బర్డ్స్' అభిమానుల్ని చూసి నేర్చుకోవచ్చు. బ్రిటన్‌లో 1965 సెప్టెంబర్ 30న మొదలైంది, 32 ఎపిసోడ్లు. జెఫ్ ట్రేసీ అనే మాజీ వ్యోమగామి, ఆయన ఐదుగురు కొడుకులు పసిఫిక్‌లో ఒక రహస్య ద్వీపంలో ఉంటూ, ఎక్కడ ఆపద వచ్చినా అయిదు అద్భుత యంత్రాలతో వెళ్లి జనాన్ని కాపాడతారు. అందరూ తీగలు కట్టిన బొమ్మలే. అప్పుడు నోరు తెరుచుకుని చూసిన పిల్లలు ఇప్పుడు పింఛను తీసుకుంటున్నారు. చేతిలో డబ్బుంది, అదే అసలు చిక్కు.

మొట్టమొదట బొమ్మ కొనండి. డింకీ కంపెనీ 1966లో ఈ సీరియల్‌లోని లేడీ పెనెలోపీ గారి గులాబీ రంగు రోల్స్ రాయిస్‌ని చిన్న లోహపు కారుగా తెచ్చింది. ఆరు చక్రాలు, లోపల ఆవిడ, ముందు డ్రైవర్ పార్కర్, రేడియేటర్ జాలీలోంచి దూసుకొచ్చే రాకెట్. ఆనాటి పిల్లలకు బుద్ధి లేదు కనుక రాకెట్‌ని నిజంగానే పేల్చారు. అది సోఫా కిందికి పోయింది, మరుసటి ఆదివారం అమ్మ ఊడ్చి పారేసింది. మీరు రాకెట్ ఉన్న కారే కొనాలి. కొన్నాక పేల్చకూడదు. డబ్బా మూత చెవులు నాలుగూ సరిగ్గా ఉన్నాయో లేదో బేరానికి ముందే చూసుకోండి. ఇంటికి తెచ్చాక ఆవకాయ జాడీకి పాటించినంత మడి పాటించండి. తడి చెయ్యి తగలకూడదు, ఎండ తగలకూడదు, పిల్లలు అసలే తగలకూడదు.

ఆ అయిదు యంత్రాల్లో ఒకటైన థండర్‌బర్డ్ 2 సీరియల్‌లో ఆకుపచ్చగా ఉంటుంది. డింకీ వాళ్లు మొదట ఆకుపచ్చదే చేసి, 1970లలో మెరిసే నీలం రంగు వేసి అమ్మారు. నీలం తప్పు రంగు. కాబట్టి రెండూ కొనండి. ఎందుకని ఇంట్లోవాళ్లు అడిగితే జవాబు చెప్పే ప్రయత్నం చేయకండి. డింకీ వాళ్ల లివర్‌పూల్ ఫ్యాక్టరీ 1979లో మూతపడిందని చెప్పి, గొంతు కొంచెం బొంగురుపోనివ్వండి. చాలావరకు పని జరుగుతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త. 1991లో బీబీసీ ఈ సీరియల్‌ని మళ్లీ వేసింది. కొత్త తరం పిల్లలకు పిచ్చెక్కింది. మ్యాచ్‌బాక్స్ వాళ్ల ట్రేసీ ద్వీపం బొమ్మ 1992 క్రిస్మస్‌కి దుకాణాల్లో దొరకలేదు. తల్లిదండ్రులు ఊళ్లు తిరిగారు. అప్పుడు 'బ్లూ పీటర్' అనే పిల్లల కార్యక్రమంలో యాంథియా టర్నర్ కూర్చుని, ఇంట్లో దొరికే అట్టపెట్టెలూ జిగురూ రంగులతో ఆ ద్వీపాన్ని ఎలా చేసుకోవాలో చూపించింది. చేసే పద్ధతి రాసి పంపమంటూ బీబీసీకి ఉత్తరాలు వెల్లువెత్తాయి. దేశమంతటా వంటింటి బల్లల మీద వంకర టింకర ద్వీపాలు మొలిచాయి. అలాంటిది మీ అటక మీద ఉంటే వెంటనే పారేయండి. మీ నాన్న ఆఫీసు నుంచి వచ్చి, చొక్కా కూడా మార్చుకోకుండా అట్ట కత్తిరించిన ద్వీపమా? ఇంకా ప్రమాదం. దానికి డబ్బా లేదు, కంపెనీ ముద్ర లేదు, వేలంలో ఎవరూ చెయ్యెత్తరు. ఆ చోట్లో మ్యాచ్‌బాక్స్‌దే ఒకటి సీలు విప్పకుండా పెట్టండి.

సీరియల్ చూడ్డానికి కూడా ఒక పద్ధతుంది. కథ చూడకండి, తీగలు చూడండి. అవి కెమెరాకు చిక్కకుండా చేయడానికి సీరియల్ తీసిన జెర్రీ, సిల్వియా ఆండర్సన్‌ల బృందం నానా తంటాలు పడింది. మీరు సీరియల్ ఆపి, వేలు పెట్టి చూపించి, "అదిగో!" అనాలి. పెదవులు కదిపే యంత్రం తలలో ఉండటం వల్ల తలలు పెద్దవయ్యాయని, బొమ్మలకు నడక సరిగా రాదు కనుకే ఎప్పుడూ ఏదో ఒక వాహనంలో కూర్చోబెట్టారని పక్కవాళ్లకు చెప్పండి. పేలుడు జరుగుతున్నప్పుడే చెప్పండి. థండర్‌బర్డ్ 1 ఉండే షెడ్డు గోడకు నిమ్మకాయలు పిండే ప్లాస్టిక్ గిన్నె ఒకటి అంటించి ఉంటుంది. చేతికందినదాన్ని యంత్రంలా కనిపించేలా చేసిన డెరెక్ మెడ్డింగ్స్ తరవాత జేమ్స్ బాండ్ సినిమాలకు, 'సూపర్‌మ్యాన్'కు పనిచేశాడు. ఆ గిన్నె చూసి మీ మనవడు వంటింట్లోకి పరిగెత్తి, గరిటెతో రాకెట్ కట్టబోతే గట్టిగా కేకలేయండి. అది కళాఖండం, ఇది గరిట.

ఇదంతా తీసింది స్లౌ పట్టణపు ట్రేడింగ్ ఎస్టేట్‌లోని షెడ్లలో. ఆ చుట్టుపక్కల ఉద్యోగం చేసే తెలుగు కుర్రాళ్లు మీకు తగిలితే పాపం వాళ్లనూ వదలకండి. మధ్యాహ్న భోజనంలో మొదలుపెడితే సాయంత్రానికి థండర్‌బర్డ్ 3 దాకా రావచ్చు.

ఒక చేదు నిజం మాత్రం తెలిసినా తెలియనట్టే ఉండండి. జెర్రీ ఆండర్సన్‌కు బొమ్మల మీద అంత మోజు లేదు. ఆయన మనసంతా మనుషులతో సినిమాలు తీయడం మీదే. బతుకుతెరువుకు బొమ్మలు వచ్చాయి, వాటిని సినిమాలా తీసి చూపించాడు, అంతే. అభిమానుల సభలో ఈ మాట ఎత్తితే టీ కూడా పోయరు.

కొత్తగా ఏది వచ్చినా చూడకముందే అసహ్యించుకోండి. 2004లో మనుషులతో తీసిన సినిమా మీ పని సులువు చేసింది. 2015లో వచ్చిన కంప్యూటర్ బొమ్మల సీరియల్‌తోనే ఇబ్బంది. అందులో పార్కర్‌కు గొంతు ఇచ్చింది యాభై ఏళ్ల కిందట ఇచ్చిన డేవిడ్ గ్రేహమే. ఆయన మాట్లాడేంతసేపు కళ్లు మూసుకుని మురిసిపొండి. ఆపగానే కళ్లు తెరిచి మళ్లీ మొహం చిట్లించండి. పక్కనున్న పిల్లలు బాగుందంటే జాలిగా నవ్వండి. వాళ్ల వయసులో మీకు ఏది చూపించినా బాగుండేదన్న సంగతి గుర్తు తెచ్చుకోకండి.

చివరగా, కథ ఏ సంవత్సరంలో జరుగుతుందన్న గొడవలో ఒక పక్షం చేరండి. చాలామంది 2065 అంటారు. చివరి ఎపిసోడ్‌లో కనిపించే క్యాలెండర్ మాత్రం 2026 అంటుంది. దీని మీద పాత స్నేహాలు తెగితే తెగనివ్వండి. నా ఓటు 2065కే, కారణం లెక్కలు కాదు, గడువు ఎక్కువ. ట్రేసీ సోదరులు పనిలోకి దిగే ఏడాది దాకా మీ గులాబీ కారు డబ్బాను ఎవరు బతిమాలినా విప్పకండి. 2026 పక్షం వాళ్లు ముందే విప్పేయమంటారు, వాళ్ల మాట అస్సలు వినకండి.