వయసు తరుగు

కెనడా పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) 1200 మార్కుల తూకం. పెళ్లికాని ప్రసాదుకి 29 ఏళ్ల వరకు వయసుకే 110. ముప్పయ్యో పుట్టినరోజు కేకు కోశాడో, ఐదు గోవిందా. ఆపైన ఏటేటా తరుగే. 45 వచ్చేసరికి గుండుసున్నా. బంగారం కొట్లో కూడా ఇంత తరుగు తీయరు.

ఎల్కేజీలో తెలుగు మాట్లాడితే ఫైను కట్టించిన చదువు కదా, ఇంగ్లిష్‌కి ఢోకా లేదనుకుంటాం. అదీ ఐఎల్ట్స్ రాసి రుజువు చేసుకోవాలి. ఆ రుజువూ రెండేళ్లకే చెల్లకుండా పోతుంది (ఇంగ్లిష్ మజ్జిగలా పులుస్తుంది కాబోలు). పోనీ, అక్కడే ఉద్యోగం ఖాయం చేసుకుంటేనో? దానికిచ్చే 50, పెద్ద కుర్చీకైతే 200 మార్కులు 2025 మార్చి 25న ఎత్తేశారు.

మిగిలింది ఫ్రెంచి. వచ్చినవాళ్లకి 2023 నుంచి విడిగా డ్రా తీస్తున్నారు, కటాఫ్ ఒక్కోసారి 400 లోపే. ఇంకేం, ఒత్తులు పలకని మన ప్రసాదు ముక్కుతో మాట్లాడటం మొదలెట్టాడు.

"అన్నం తిన్నావురా?" అంది నాయనమ్మ.

"వీ."

"ఒసేయ్ కోడలా, వీడికి జలుబు చేసిందే, మిరియాల చారు పెట్టు!"