నన్ను మళ్లీ కిటికీకెక్కించిన ఎండాకాలం

నేను ఒకటిన్నర టన్నుల విండో ఏసీని. చైతన్యపురిలో ఒక రెండో అంతస్తు ఫ్లాట్, అందులో పడకగది కిటికీ నా కొలువు. నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. రాగి గొట్టాలు, అల్యూమినియం రెక్కలు, ఒక కంప్రెసర్, ఒక ఫ్యాన్ మోటారు, తిప్పే నాబులు రెండు. నా గర్వమంతా ఆ తర్వాత చేసిన చాకిరీ గురించే.

అప్పట్లో ఆ గల్లీలో ఏసీ ఉన్న ఇళ్లు తక్కువ. పరీక్షలొస్తే పెద్దబ్బాయి నా ఎదుటే పుస్తకాలు పరుచుకునేవాడు. ఉక్కపోతకు నిద్రపట్టని నాయనమ్మ నా గాలి తగలగానే కునుకు తీసేది. గదిలోని వేడిని మోసుకెళ్లి బయట పారబోసే నేను వాళ్లను కోరింది ఒక్కటే, అప్పుడప్పుడు ఫిల్టర్ జాలీ కడగమని. అదే కరువైంది. దుమ్ము పేరుకుని, గాలి ఆడక, కాయిల్ మీద మంచు కట్టేది. "పాతదైపోయింది, చల్లగ వస్తలేదు" అన్నారు. జబ్బు దుమ్ముది, నింద నాది.

మెట్రో ఎల్‌బీనగర్ దాకా వచ్చిన 2018 తర్వాత ఇంట్లోకి స్ప్లిట్ ఏసీ వచ్చింది. నన్ను డాబా మీదికి చేర్చి టార్పాలిన్ కప్పారు. మొదటి వానాకాలానికే అది చిరిగింది. పావురాలు నా వీపు మీద గూడు పెట్టాయి. బట్టలారేయడానికి వచ్చినవాళ్లు బకెట్ నా నెత్తిన పెట్టేవారు. ఇందులో ఇంకా పనిచేసే కంప్రెసర్ ఉందని ఎవరికీ గుర్తు రాలేదు.

2024 ఎండాకాలంలో స్ప్లిట్ ఏసీ బోర్డు కాలిపోయింది. కొత్త బోర్డు దొరకలేదు. రాత్రిళ్లు అందరూ డాబా మీదికొచ్చి పడుకుంటుంటే వాళ్ల మాటలన్నీ విన్నాను. "దిల్‌సుఖ్‌నగర్‌ల షాపులన్నీ తిరిగిన. కొత్త ఏసీ స్టాక్ లేదంటున్నరు. పైసలు కట్టిపోతే వచ్చినంక ఫోన్ చేస్తరంట. బిగించనీకి మళ్ల వేరే లైను" అన్నాడు ఇంటాయన.

ఆ ఏప్రిల్, మే నెలల్లో దేశమంతటా ఏసీల గిరాకీ కంపెనీల అంచనాలను దాటిపోయింది. గ్యాస్ నింపిన ఏసీల దిగుమతిని కేంద్రం 2020 అక్టోబరులోనే నిషేధించింది. ఇక్కడి తయారీ పెరిగింది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో బ్లూస్టార్, డైకిన్ ఫ్యాక్టరీలు 2023లో మొదలయ్యాయి. అయినా కంప్రెసర్లలో పెద్ద వాటా చైనా నుంచి ఓడల్లో రావలసిందే. ఎంత అమ్ముడుపోతుందో ముందే లెక్కేసి ఆర్డర్లు పెడతారు. ఎండ ముదిరాక ఇంకా కావాలంటే ఆ ఓడ ఎండాకాలం పోయాకే చేరుతుంది.

చివరికి మెకానిక్ నా దగ్గరికొచ్చాడు. "అన్నా, దీన్ల బోర్డే లేదు కాలిపోనీకి. కంప్రెసర్ గట్టిగున్నది. కెపాసిటర్ మార్చి, కాయిల్ కడిగితె చాలు." ఆ సాయంత్రమే నన్ను మళ్లీ కిటికీకెక్కించారు. గంటకు దాదాపు రెండు యూనిట్ల కరెంటు తిన్న మాట నిజమే. ఇంట్లోవాళ్లు నాబు నడిమికి తిప్పి, పైన ఫ్యాన్ వేసుకోవడం నేర్చుకున్నాక ఆ ఖర్చూ తగ్గింది. నాయనమ్మ మళ్లీ నిద్రపోయింది.

వానలు పడ్డాక కొత్త ఏసీ వచ్చింది. నన్ను తూకానికి అమ్మేశారు. ఇప్పుడు ఎల్‌బీనగర్ దగ్గర ఒక పాత సామాన్ల కొట్టులో ఉన్నాను. నా పక్కనున్నదాని రాగి గొట్టం కోస్తే బుస్సుమని గ్యాస్ అంతా గాలిలో కలిసింది. నాలోనూ అదే ఉంది, ఆర్-22. ఓజోన్ పొరను తినేస్తుంది. భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,800 రెట్లు బలమైనది. ఇన్నేళ్లు చల్లబరిచిన నేను పోతూపోతూ ఈ ఊరికి వేడి మిగల్చడం నాకిష్టం లేదు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం మా రీసైక్లింగ్ బాధ్యత తయారీ కంపెనీలదే. నమోదైన రీసైక్లర్‌కే మమ్మల్ని ఇవ్వండి. గ్యాస్‌ను సిలిండర్లోకి దించాకే రాగి కోయమనండి.

ఇంట్లో ఇంకా ఉన్న ఏసీలను ఫిబ్రవరిలోనే సర్వీసింగ్ చేయించండి, జాలీ కడగండి. మే నెలలో షాపువాళ్లకు దొరకని కంప్రెసర్ మీ కిటికీలో ఇప్పటికే ఒకటి తిరుగుతోంది.