బటన్ నొక్కినారు, బండి కదల్లేదు

నెల్లూరు జిల్లా బిట్రగుంటకు గ్రాంట్లు కొత్త కాదు. ఆవిరి ఇంజన్ల కాలంలో ఇక్కడి లోకో షెడ్డు పేరు మద్రాసు లైన్లో మోగిపోయేది. ఆ ఇంజన్లు నడిపినవాళ్లలో, రైల్వే కాలనీలో కాపురమున్నవాళ్లలో ఆంగ్లో ఇండియన్లు చాలామంది. తెల్లదొరలు ఓడెక్కాక వీళ్ల గతేంటని రాజ్యాంగం రాసిన పెద్దలు ఆలోచించారు. ఆలోచించి రెండు అధికరణాలు రాశారు. రైల్వే, కస్టమ్స్, తంతి తపాలా ఉద్యోగాల సంగతి 336లో, చదువులకిచ్చే గ్రాంట్ల సంగతి 337లో.

ఈ 337ను ఇప్పటి ఇంజనీరింగు విద్యార్థికి చదివి వినిపిస్తే కడుపు రగిలిపోతుంది. 1948 మార్చి 31తో ముగిసిన ఏడాదిలో ఎంత గ్రాంటు ఇచ్చారో, రాజ్యాంగం అమల్లోకి వచ్చాక మొదటి మూడేళ్లు అంతే ఇవ్వాలి. ఆపైన మూడేళ్లకోసారి పది శాతం చొప్పున తగ్గించుకోవచ్చు. పదేళ్లు నిండగానే బంద్. గ్రాంటు తీసుకునే స్కూలు ఏటా కనీసం నలభై శాతం సీట్లు ఇతర వర్గాల పిల్లలకు అందుబాటులో ఉంచాలి. అంతే. ఎంత ఇస్తారో, ఎప్పుడు తగ్గిస్తారో, ఏ రోజు ఆపేస్తారో ముందే చెప్పి మరీ ఆపారు. ఎగ్గొట్టడానికి కూడా టైంటేబులు వేసుకున్న కాలం అది!

ఇప్పటి పద్ధతి వేరు. ఇప్పుడెవరూ ఏదీ తగ్గించరు. తగ్గిస్తే ఓట్లు పోతాయి. పెంచుతారు, పేరు మారుస్తారు, ఫుల్ పేజీ ప్రకటన ఇస్తారు, డబ్బు మాత్రం వెయ్యరు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం గొప్పతనాన్ని కాదనడానికి లేదు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ లేకపోతే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ ఇళ్ల నుంచి ఇంతమంది పిల్లలు ఇంజనీరింగు కాలేజీ గడప తొక్కేవాళ్లు కాదు. సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగు, లెక్కలు కలిపి స్టెమ్ అని ప్రపంచమంతా పేరు పెట్టి, అందులోకి అణగారిన వర్గాలను ఎలా తేవాలా అని సదస్సులు పెట్టుకుంటున్న రోజుల్లో, ఆ పని ఒక్క జీవోతో చేసి చూపించిన రాష్ట్రం ఇది. గేటు తీశారు, పిల్లల్ని లోపలికి పంపించారు. టికెట్టు డబ్బులు ఎవరు కట్టాలన్న దగ్గరే బండి ఆగింది.

ముందు అర్హత సంగతి చూద్దాం. ముఖ్యమంత్రి జగన్ హయాంలో ఈ పథకం పేరు విద్యాదీవెన. దాని నిబంధనల ప్రకారం కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదన్నారు. మాగాణి పదెకరాలు, మెట్ట ఇరవై ఐదెకరాలు మించకూడదు. ఇంట్లో సర్కారు ఉద్యోగి ఉండకూడదు, పారిశుధ్య కార్మికులైతే ఫర్వాలేదు. ఇన్‌కం టాక్సు కట్టకూడదు. కారు ఉండకూడదు, టాక్సీ, ఆటో, ట్రాక్టరు అయితే సరే. ఇవన్నీ కుదిరాక పిల్లకు డెబ్బై ఐదు శాతం హాజరు ఉండాలి. న్యాయమే. క్లాసుకు రాని పిల్లకు జనం సొమ్మెందుకు?

అయితే అదే హాజరు పట్టీ ఆర్థిక శాఖకూ పెట్టి చూడాలి. ఏడాదికి నాలుగు విడతలు వేస్తామన్నారు. ఎన్ని విడతలకు హాజరయ్యారో లెక్కేస్తే కండోనేషన్ ఫీజు కట్టించుకున్నా పాస్ చెయ్యడం కష్టం. నేరుగా డిటెయిన్ చెయ్యాల్సిందే.

బిట్రగుంట ఉన్న బోగోలు మండలంలో ఏ గ్రామ సచివాలయానికి వెళ్లినా కనపడే దృశ్యం ఒకటుంది. వెల్ఫేర్ అసిస్టెంటు చేతిలో ఫోను, దానికి వేలుముద్ర మిషను. ఎదురుగా తల్లి. బొటనవేలు పెడుతుంది, మిషను ఒప్పుకోదు. చీర కొంగుతో తుడుచుకుని మళ్లీ పెడుతుంది. అంట్లు తోమి, చేపలు శుభ్రం చేసి, నాట్లేసి అరిగిపోయిన వేలు. గీతలు మిగిలితే కదా మిషనుకు దొరకడానికి! “చూపుడు వేలు పెట్టమ్మా,” అంటాడు కుర్రాడు. అదీ కాకపోతే, “సాయంత్రం రా, సర్వరు బాగుంటది.” ఈమె పేదదని ఆ వేలే చెబుతోంది. కానీ వేలు చెప్పే సాక్ష్యం స్కాలర్‌షిప్పుల కోసం పెట్టిన జ్ఞానభూమి పోర్టల్లో ఎక్కదు. ఆధార్ లింకయిందా, బ్యాంకు ఖాతాకు ఎన్‌పీసీఐ మ్యాపింగ్ అయిందా, రేషన్ కార్డులో పిల్ల పేరూ పదో తరగతి సర్టిఫికెట్లో పేరూ ఒకటేనా? ఒకచోట షేక్ ముందుండి ఇంకోచోట వెనకుంటే చాలు, ఏడాది చదువు ఆగిపోవడానికి.

నెల్లూరు తీరంలో యానాదుల సంగతి ఇంకో మెట్టు కింద. రాష్ట్రంలో పెద్ద గిరిజన తెగల్లో వాళ్లూ ఒకరు, ఎక్కువమంది ఉన్నదీ ఈ జిల్లాలోనే. చెరువుగట్ల మీదా, కాలువ పోరంబోకుల్లోనూ బతికే ఇళ్లకు ఆధార్ కార్డు, కుల ధ్రువీకరణ చేరడమే పెద్ద యాత్ర. ఆ ఇంటి పిల్ల ఇంటర్ ఎంపీసీ దాటి కౌన్సెలింగ్ దాకా వచ్చిందంటే ఊరు ఊరంతా పూలదండ వెయ్యాలి. మనం మాత్రం ఆమెను ఇంకో జిరాక్సు తెమ్మంటాం.

సరే, అన్నీ కుదిరాయి. ఫీజు డబ్బు తల్లి ఖాతాలో వెయ్యాలా, కాలేజీ ఖాతాలో వెయ్యాలా అన్న మహత్తర వేదాంత చర్చ కొన్నాళ్లు నడిచింది. హైకోర్టు దాకా పోయింది. తల్లి ఖాతా అన్నారు. తర్వాత తల్లీబిడ్డల జాయింటు ఖాతా అన్నారు. ఇప్పుడు కాలేజీ ఖాతాకే అంటున్నారు. ఏ ఖాతాలో వెయ్యాలన్న దాని మీద ఇంత శ్రద్ధ పెట్టిన రాజ్యం ప్రపంచంలో ఇంకోటి ఉండదు. వేసే రోజు మీద ఆ శ్రద్ధలో సగం పెట్టినా బాగుండేది.

2024 మార్చి 1న కృష్ణా జిల్లా పామర్రులో అప్పటి ముఖ్యమంత్రి జగన్ విద్యాదీవెన డబ్బు విడుదలకు బటన్ నొక్కారు. చప్పట్లు మోగాయి. మే నెలలో పోలింగు దగ్గర పడ్డాక చూస్తే అందులో కొంత డబ్బు ఇంకా ఖాతాలకు చేరనేలేదు. అప్పుడు వేస్తామంటే ఎన్నికల సంఘం ఇప్పుడొద్దని ఆపింది. మార్చిలో నొక్కిన బటన్‌కు మేలో అడ్డు ఎలా పడిందో ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు ప్రాజెక్టుగా తీసుకోవచ్చు. స్విచ్చికీ బల్బుకీ మధ్య తీగె లేకపోయినా సభలో వెలుగు కనపడటం సామాన్యమైన ఇంజనీరింగు కాదు.

ప్రభుత్వం మారింది. జూన్‌లో పేరు కూడా మారింది. విద్యాదీవెన, వసతిదీవెన పోయి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు, అందులో ఫీజుకు ఆర్‌టీఎఫ్, వసతి ఖర్చులకు ఎంటీఎఫ్ వచ్చాయి. ఈ పని మాత్రం చకచకా అయింది. దిగిపోయినవాళ్లు వేల కోట్ల బాకీలు పెట్టి పోయారని ఎక్కినవాళ్లన్నారు. ఎక్కినవాళ్లు ఎగ్గొడుతున్నారని దిగినవాళ్లు 2025 మార్చి 12న కలెక్టరేట్ల ముందు యువత పోరు చేశారు. ఇద్దరి మాటా నిజమేనని కాలేజీ అకౌంట్సు సెక్షన్ గుమాస్తాకు తెలుసు. ఆయన ఏ పార్టీ వాడూ కాదు. ఆయనది పెండింగు పార్టీ.

ఆ కౌంటరు దగ్గర జరిగేది చూడాలి. ఏ కాలేజీ అన్నది అనవసరం, అన్ని చోట్లా అదే కిటికీ. బీటెక్ నాలుగేళ్లూ అయిపోయిన పిల్ల నో డ్యూస్ కాగితం పట్టుకుని నిలబడి ఉంటుంది. పక్కన నాన్న.

“నాలుగో సంవత్సరం ఫీజు పడలేదమ్మా. కట్టి సర్టిఫికెట్ తీసుకుపో.”

“ఏంది సార్, గవర్నమెంటోళ్లు ఇస్తామన్నారు గదా!”

“ఇస్తారు. ఇచ్చినప్పుడు మీకు తిరిగిస్తాం. అందాకా మీరే కట్టండి.”

“మాకాడ ఉంటే ఈ పథకం ఎందుకు సార్ మాకు?”

ఈ ప్రశ్నకు కిటికీ లోపల సమాధానం లేదు. బయట ఉంది. మెడలో గొలుసు కావలి బజారులో తాకట్టుకు పోతుంది. అంటే ఏంటి? ప్రభుత్వం కాలేజీకి బాకీ, ఆ బాకీకి తనఖా పిల్ల సర్టిఫికెట్, వడ్డీ కట్టేది పిల్ల తల్లి. బిట్రగుంట గ్యాంగ్‌మ్యాన్ ఇంటి దగ్గరా, జువ్వలదిన్నె పడవ ఇంటి దగ్గరా అప్పు తీసుకుని ఖజానా నడిపే ఆర్థిక విధానానికి ఏ విశ్వవిద్యాలయమైనా డాక్టరేట్ ఇవ్వవచ్చు. ఫీజు బకాయి లేకపోతే.

ఇక ఢిల్లీ సంగతి. మైనారిటీ పిల్లలు వృత్తి, సాంకేతిక కోర్సులు చదవాలని కేంద్రం 2007లో మెరిట్ కమ్ మీన్స్ స్కాలర్‌షిప్ పెట్టింది. కోర్సు ఫీజుకు ఏడాదికి గరిష్ఠంగా 20,000 రూపాయలు. ఇంటి నుంచి వెళ్లి చదివేవాళ్లకు ఖర్చుల కింద నెలకు 500, అదీ పది నెలలకే. మిగతా రెండు నెలలు మైనారిటీ పిల్లలకు ఆకలి వెయ్యదని ఏ కమిటీ తేల్చిందో!

పీహెచ్‌డీ చేసే మైనారిటీ విద్యార్థులకు మౌలానా ఆజాద్ ఫెలోషిప్ ఉండేది. 2022 డిసెంబరులో మంత్రి స్మృతి ఇరానీ లోక్‌సభలో చెప్పారు, 2022-23 నుంచి అది ఆపేస్తున్నామని. కారణం, ఇలాంటి పథకాలు వేరే చాలా ఉన్నాయట, ఒకదాని మీద ఒకటి పడుతున్నాయట. పేదవాడి నెత్తిన రెండు గొడుగులెందుకని ఒకటి లాక్కున్న పుణ్యం అది. రెండోది చిల్లుదని వానొచ్చాక తెలుస్తుంది.

అయినా కొందరికి మాత్రం స్కాలర్‌షిప్ చక్కగా అందింది. 2023లో మైనారిటీ వ్యవహారాల శాఖ 1,572 విద్యాసంస్థలను పరిశీలిస్తే 830 బోగస్సువో, అసలు నడవనివో అని తేలింది. 2017-18 నుంచి 2021-22 దాకా వీటి పేరున పోయిన సొమ్ము 144.83 కోట్లు. శాఖ ఫిర్యాదు చేస్తే సీబీఐ కేసు పెట్టింది. గమనించండి, ఉన్న పిల్లకు వేలుముద్ర పడలేదు, లేని పిల్లకు పడింది. ఉన్న కాలేజీకి విడుదల కాలేదు, లేని కాలేజీకి అయింది. ఈ దేశంలో స్కాలర్‌షిప్ తీసుకోవడానికి పెద్ద అనర్హత పుట్టి ఉండటమేనేమో.

సీటు దాకా వెళ్లడానికి ఆసరాగా ఉన్న ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. వెనకబడిన ముస్లింలకు బీసీ-ఇ కింద నాలుగు శాతం కోటా 2007లో చట్టమైంది. 2010లో హైకోర్టు కొట్టేసింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి కొనసాగించమంది. ఆ ఉత్తర్వు పుట్టిన నెలలో పుట్టిన పిల్లలు పదో తరగతి ఈడుకొచ్చేశారు. ఉత్తర్వు మాత్రం ఇంకా మధ్యంతరమే. దాన్ని పట్టుకుని సీటు తెచ్చుకుని, ఇంజనీరై, పెళ్లి చేసుకుని, పిల్లల్ని బడికి పంపుతున్నవాళ్లున్నారు.

సీటు వచ్చినవాళ్లు ఏం చదువుతున్నారయ్యా అంటే కంప్యూటర్ సైన్సు. అన్న ఏం చదివాడు? కంప్యూటర్ సైన్సే. సివిల్, మెకానికల్ ఖాళీ. ఒకప్పుడు ఇంజన్లు విప్పి బిగించిన బిట్రగుంటలో ఇప్పుడు మెకానికల్ అంటే పిల్లనివ్వరు. దొడ్ల రామచంద్రారెడ్డి 1951లో కావలిలో జవహర్ భారతి పెట్టినప్పుడు ఫిజిక్సు, కెమిస్ట్రీ చదవడమే గొప్ప. ఈనాడు ఎమ్మెస్సీకో, ఎంటెక్‌కో పోదామనుకున్న పేదింటి పిల్లకు జీవో 77 ఎదురైంది. 2020 డిసెంబరులో ఇచ్చిన ఈ ఉత్తర్వు ప్రైవేటు కాలేజీల్లో పీజీకి రీయింబర్స్‌మెంట్ ఎత్తేసింది. కోడింగు నేర్పిస్తాం, కూలికి పంపిస్తాం, పరిశోధన మాత్రం మీ పని కాదు అని చెప్పడానికి ఇంతకంటే మర్యాదైన పద్ధతి లేదు.

మనకంటే పెద్దన్నలున్నారు, అక్కడెలా ఉందో చూద్దామంటే అమెరికా కనపడుతుంది. నల్లజాతి, హిస్పానిక్, స్థానిక తెగల పిల్లల్ని సైన్సు డిగ్రీల్లోకి తేవడానికి అక్కడి నేషనల్ సైన్సు ఫౌండేషన్ 1991లోనే ఒక కార్యక్రమం మొదలెట్టింది, తర్వాత దానికి లూయిస్ స్టోక్స్ అనే కాంగ్రెస్ సభ్యుడి పేరు పెట్టింది. కాలేజీలను జట్లుగా కట్టి డబ్బిచ్చింది. అదే ఫౌండేషన్ 2025 ఏప్రిల్‌లో వైవిధ్యం, సమాన అవకాశాల పేరుతో నడిచే గ్రాంట్లను కట్టలుకట్టలుగా రద్దు చెయ్యడం మొదలెట్టింది. చూడండి తేడా. వాళ్లు రద్దు చేశామని ఉత్తరం రాస్తారు, దాన్ని పట్టుకుని కోర్టుకు పోవచ్చు. మన దగ్గర ఉత్తరం రాదు. పెండింగు మీద ఏ కోర్టులో వెయ్యాలి?

నెల్లూరు వాళ్లకు ఒక సొంత మార్గం ఉంది. మొహర్రం సమయంలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ. కోరిక ఉన్నవాళ్లు చెరువులో దిగి రొట్టె పట్టుకుంటారు, తీరినవాళ్లు మరుసటేడు వచ్చి రొట్టె వదులుతారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఈ మధ్య వీసా రొట్టె. హిందువులూ, ముస్లింలూ ఒకే నీళ్లలో నిలబడి పుచ్చుకుంటారు. 2015లో దీన్ని రాష్ట్ర పండగ చేశారు. రాష్ట్ర పండగ కాబట్టి రాష్ట్ర ప్రభుత్వం కూడా చెరువులో దిగి ఒక రీయింబర్స్‌మెంట్ రొట్టె పట్టుకుంటే తప్పు లేదు. ఆ రొట్టె చేతిలో పెట్టడానికి కోరిక తీరినవాళ్లెవరైనా గట్టు మీద కనపడతారా అన్నదే అనుమానం.

ఆర్థిక శాఖ వారికి ఒకటే మనవి. పథకానికి ఏ పేరైనా పెట్టండి, ఎవరి బొమ్మైనా వెయ్యండి. జ్ఞానభూమి పోర్టల్లో విద్యార్థి వివరాలకు అన్ని గడులున్నాయి కదా, ఇంకొక్క గడి చేర్చండి: ఈ విడత డబ్బు ఏ తేదీన పడుతుంది? ఆ తేదీ దాటితే రోజుకింత వడ్డీ ప్రభుత్వమే కాలేజీకి కట్టాలని జీవోలో రాయండి. పిల్ల మూడు రోజులు ఆలస్యంగా పరీక్ష ఫీజు కడితే ఫైన్ వేస్తున్నాం, అదే లెక్క.

ఇక కాలేజీలో ఒరిజినల్ సర్టిఫికెట్లు ఉండిపోయిన పిల్లలకు ఓ మాట. ఏ కారణంతోనూ అడ్మిషన్‌లో తీసుకున్న ఒరిజినల్స్ పట్టి ఉంచకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అది ఏ అకౌంట్సు కిటికీ పక్కనా అతికించి ఉండదు. ప్రింటు తీసి పట్టుకెళ్లండి. నోటితో అడగొద్దు, కాగితం మీద రాసి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకుని రండి.