లాగిన్ బటన్ ప్రతిష్ఠాపన విధానం

యాప్ మీటింగ్ ఏదైనా సరే, ఎవరో ఒకరు ఈ మాట అనకుండా ముగియదు: "లాగిన్‌దేముందండీ, గూగుల్ బటన్ పెట్టేస్తే సరి. మధ్యాహ్నానికల్లా అయిపోతుంది." ఏ మధ్యాహ్నానికో మాత్రం చెప్పరు. ఈ మాట అనని ఇంజనీరు మాదాపూర్‌లో లేడు, నమ్మని మేనేజరూ లేడు. కాబట్టి ఆ పనిని మనందరం చేసే పద్ధతిలోనే ఎలా చేయాలో చెబుతాను, రాసుకోండి.

ముందుగా, ఏదీ చదవకండి. ఈ తతంగానికంతటికీ మూలమైన ఓఆథ్ 2.0 పత్రం 2012 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 6749గా వచ్చింది. డెబ్బై పేజీలు దాటుతుంది. దాని రచనకు పెద్దగా ఉన్న ఎరన్ హామర్, అది వెలువడడానికి మూణ్నెల్ల ముందే తన పేరు తీసేయమని చెప్పి తప్పుకున్నాడు. రాసినవాడే వద్దనుకున్నది మీరెందుకు చదవాలి? ఏదైనా ట్యుటోరియల్ వెతకండి, ఎంత పాతదైతే అంత మంచిది. అందులో టోకెన్‌ను తిన్నగా అడ్రస్ బార్‌లోకే పంపించే ఇంప్లిసిట్ పద్ధతి ఉంటుంది. అది వాడొద్దని 2025 జనవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9700 చెబుతోంది. ఆ సంగతి ట్యుటోరియల్‌కి తెలియదు, మీకు మాత్రం తెలియాలా?

యూజర్ తిరిగి రావాల్సిన రీడైరెక్ట్ చిరునామాకి గూగుల్ కన్సోల్‌లో చివర స్లాష్ పెట్టండి, కోడ్‌లో పెట్టకండి. గూగుల్ రెండింటినీ అక్షరం అక్షరం సరిచూసి 400 ఎర్రర్ మొహాన కొడుతుంది. టీమంతా కలిసి కోడ్ తవ్వండి. స్లాష్ దొరికాక "ఏదో క్యాష్ సమస్య" అని చెప్పండి.

తిరిగొచ్చిన జవాబు మనం పంపిన అభ్యర్థనకేనా అని పోల్చుకోవడానికి స్టేట్ అని ఒకటి పంపమంటారు. 12345 పంపండి. తిరిగొచ్చాక సరిచూడకండి.

క్లయింట్ సీక్రెట్‌ను గిట్‌లో పెట్టేయండి. ప్రైవేట్ రెపోనే కదా!

ఆండ్రాయిడ్ యాప్ అయితే మీ ల్యాప్‌టాప్‌లోని డీబగ్ కీ వేలిముద్ర ఒక్కటే నమోదు చేయండి. మీ ఫోన్లో అద్భుతంగా పనిచేస్తుంది. ప్లే స్టోర్ వేరే కీతో సంతకం చేసి పంపుతుంది గనక, అక్కణ్ణుంచి దించుకున్నవాళ్లకు మాత్రం పనిచేయదు. "నా దగ్గర బాగానే వస్తోందండీ" అన్న మాట ఇలాంటి రోజు కోసమే ఉంది.

లాగౌట్ గురించి ఎక్కువ ఆలోచించకండి. నెట్ సెంటర్‌లో కూర్చున్న కుర్రాడు మీ యాప్‌లోంచి బయటికొచ్చి, గూగుల్‌లోంచి రాకుండానే లేచి వెళ్లిపోతాడు. ఆ కుర్చీలో తర్వాత కూర్చున్నవాడు మీ బటన్ నొక్కితే పాస్‌వర్డ్ అడక్కుండానే ఆ కుర్రాడి ఖాతా తెరుచుకుంటుంది.

ఇప్పుడు అసలు చిట్కా: వచ్చిన మనిషిని ఇమెయిల్‌ని బట్టే గుర్తుపట్టండి. గూగుల్ పంపే ఐడీ టోకెన్‌లో 'సబ్' అని ఒక పొడుగాటి సంఖ్య ఉంటుంది. ఖాతాకు ఎప్పటికీ మారనిది, ఇంకొకరికి ఇవ్వనిది అదే కాబట్టి డేటాబేస్‌లో దాన్నే వాడమని గూగుల్ తన డాక్యుమెంట్లలో మొత్తుకుంటూనే ఉంది. కానీ ఆ అంకెల దండ చూస్తే ఎవరికి ఏం అర్థమవుతుంది? ఇమెయిల్ అయితే మనిషి కళ్లెదుట కనిపిస్తాడు. ఏ కంపెనీలోనో ఒక రవి మానేస్తాడు, కొన్నాళ్లకు ఇంకో రవి చేరతాడు, అడ్మిన్ ఆ పాత ఇమెయిలే ఇతనికిస్తాడు. కొత్త రవి మీ యాప్ తెరవగానే పాత రవి ఆర్డర్లూ చిరునామాలూ దర్శనమిస్తాయి. పేరు కలిసింది కదా, సర్దుకుపోతారు. మైక్రోసాఫ్ట్ ఖాతాలతో ఇంకా ముచ్చట: ఒక అడ్మిన్ తన సంస్థ ఖాతాలో ఎవరి ఇమెయిలైనా రాసుకోగలడని, ఇమెయిల్‌నే నమ్మే యాప్‌లు అతణ్ణి ఆ మనిషిగానే లోపలికి రానిస్తాయని 2023లో డిస్కోప్ అనే సంస్థ బయటపెట్టింది.

ఆపిల్ బటన్ నొక్కినవాళ్లు ఇమెయిల్ దాచమంటే మీకు ఏదో మారుపేరు చిరునామా వస్తుంది. పేరును ఆపిల్ మొదటిసారి మాత్రమే పంపుతుంది, అప్పుడు దాచుకోకపోతే ఇక అంతే. అలా ఒకే మనిషి సోమవారం గూగుల్‌తో, బుధవారం ఆపిల్‌తో, ఆదివారం ఓటీపీతో వచ్చి ముగ్గురవుతాడు. పెట్టుబడి పెట్టేవాళ్లకు యూజర్ల లెక్క చూపించేటప్పుడు ఇది బాగానే ఉంటుంది.

పగలు ఈ బటన్లు పెట్టేది మనమే. రాత్రి బిర్యానీ ఆర్డరివ్వబోయి, పోయినసారి ఏది నొక్కామో గుర్తురాక వాటి ముందు తెల్లమొహం వేసేదీ మనమే. ఏదో ఒకటి నొక్కితే "స్వాగతం" అంటుంది. వాలెట్లో డబ్బుండదు, సేవ్ చేసిన అడ్రస్ ఉండదు. "మీరు కిందటిసారి గూగుల్‌తో వచ్చారు" అని బటన్ కింద ఒక్క లైన్ రాస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది. రాయం. అది తర్వాతి స్ప్రింట్‌లో ఉంటుంది, ప్రతి స్ప్రింట్‌లోనూ.

ఇంత వెక్కిరించినా, ఆ బటన్ పెట్టొద్దని మాత్రం అనలేను. మన జనం బ్యాంకుకీ కిరాణా యాప్‌కీ ఒకే పాస్‌వర్డ్ పెట్టుకుంటారు. నలుగురున్న స్టార్టప్ దగ్గర అవన్నీ పోగుపడడం కన్నా, కాపలాకి మనుషులున్నచోట ఉండడమే నయం. అయితే తాళంచెవి వాళ్ల దగ్గర ఉంటుంది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు పడిపోయినప్పుడు, దాని బటన్ తప్ప వేరే దారి లేని యాప్‌ల గుమ్మాలు కూడా మూతపడ్డాయి. అది చూశాక కూడా రెండో దారి పెట్టకపోవడమే సంప్రదాయం.

ఐఫోన్ యాప్‌లో గూగుల్ బటన్ పెడితే, ఇమెయిల్ దాచుకోనిచ్చే మరో లాగిన్ కూడా పెట్టాలని ఆపిల్ నియమం. దీన్ని రిలీజ్‌కి ముందు రాత్రి తెలుసుకోండి. అప్పుడు హడావిడిగా ఆపిల్ క్లయింట్ సీక్రెట్ తయారుచేసి, సర్వర్లో పెట్టి, మరిచిపోవచ్చు. దాని గడువు ఎంత పెంచినా ఆరు నెలలకు మించదు. మీరు అది తయారుచేసి ఎన్నాళ్లయిందో ఇప్పుడే చూసుకోండి.