బేరం ఆడకండి, చీటీ రాయకండి

హైదరాబాద్‌కి కొత్తగా వచ్చినవాళ్లకి అందరూ చెప్పే మాట ఒకటే: "ఏది ఎక్కడ చవకో ముందు కనుక్కో." నేను దానికి అడ్డంగా చెబుతున్నాను. మొదటి మూడు నెలలు చవక జోలికి పోకండి. మొహం చూసి గుర్తుపట్టే మనిషి ఒక్కరు లేని ఊళ్లో కిలో మీద నాలుగు రూపాయలు మిగుల్చుకుని ఏం చేసుకుంటారు?

పిఠాపురం నుంచి వచ్చి అమీర్‌పేట పక్కన గదిలో దిగినప్పుడు నేనూ తెలివిగానే బతికాను. బకెట్టు దగ్గర్నుంచి బియ్యం దాకా ఫోన్లోనే తెప్పించుకున్నాను. ఎక్కడ తగ్గింపు ఉంటే అక్కడే. నెలన్నర గడిచాక చూసుకుంటే ఆ వీధిలో నేనెవరో ఎవరికీ తెలీదు. అందుకే చెబుతున్నాను, అలా చెయ్యకండి.

మీ గది కింద కిరాణా కొట్టుంటుంది. నెల సామాన్లు ఒకేసారి కొనెయ్యకండి. ఇవాళ అర లీటరు పాలు, రేపు పావుకిలో పల్లీలు, ఎల్లుండి అగ్గిపెట్టె. రోజూ వెళ్లండి. సూపర్‌మార్కెట్టు కంటే రెండు మూడు రూపాయలు ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. నేను గది మారాల్సి వచ్చినప్పుడు బ్రోకరు ఒక నెల అద్దె అడిగాడు. ఆ సంగతి కొట్లో చెప్పుకుని బాధపడుతుంటే, అంకుల్ పెసరపప్పు పొట్లం కడుతూనే, "మూడో గల్లీల పైన పోర్షన్ ఖాళీ అయిందమ్మా, ఓనరమ్మ పాలకి ఈడికే వస్తది, చెప్త" అన్నారు. ఎనిమిది గంటలకి ఓనరమ్మ వచ్చింది, తొమ్మిదికి గది కుదిరింది. అద్దె 8,000. రోజుకి 5 రూపాయలు ఎక్కువ పెట్టి కొన్నాననుకున్నా, ఆ బ్రోకరు డబ్బు కరగడానికి నాలుగేళ్లు దాటుతుంది.

కూరగాయలకి రైతుబజారుకి వెళ్లమంటారు. 1999లో మొదలైన ఏర్పాటు, మంచిదే, రైతుకీ మనకీ మధ్య దళారీ ఉండడు. కానీ మొదటి నెల వద్దు. అక్కడ ధర బోర్డు మీద రాసి ఉంటుంది, నోరు తెరవకుండా కొనుక్కుని వచ్చెయ్యొచ్చు. మీకు నోరు తెరవాల్సిన చోటు కావాలి. వారానికోసారి మీ బస్తీ రోడ్డు మీద సాయంత్రం అంగడి కూర్చుంటుంది, దానికి వెళ్లండి. చీటీ మాత్రం తీసుకెళ్లకండి. నేను మొదటిసారి చీటీ పట్టుకుని "ఆనపకాయ ఉందాండీ?" అంటే, గోనెసంచి మీద కూర్చున్న పెద్దావిడ నా మొహం చూసి, కాయ పైకెత్తి, "ఇదా బిడ్డా? ఆనిగెపుకాయ" అంది. గోరుచిక్కుడు గోకరకాయ అయింది, బంగాళాదుంప ఆలుగడ్డ అయింది, వెల్లుల్లి ఎల్లిగడ్డ. నా చీటీలో సగం మాటలు ఆ రోడ్డు మీద పనికిరాలేదు. చీటీ మడిచి సంచిలో పడేసి, వేలు పెట్టి చూపిస్తూ ఒక్కొక్కదాని పేరూ అడిగాను. ఆవిడ విసుక్కోలేదు. పక్కన మిరపకాయలమ్మే ఆవిడని కూడా పిలిచి, "ఈ పిల్ల ఆలుగడ్డని ఏమంటదో ఇను" అని నాచేత మళ్లీ చెప్పించింది. పేర్లు తెలియకుండానే వెళ్లండి. తెలియనివాళ్లకే చెబుతారు.

గిన్నెలూ గ్లాసులూ కావాలంటే బేగంబజారు. నలుగురు కలిసి వెళ్లి హోల్‌సేల్‌గా తెచ్చుకోమంటారు. ఒంటరిగా వెళ్లండి, ఒక్క గ్లాసు అడగండి. మెట్రో ఎక్కి కోఠి దగ్గర ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగి, ఫోన్లో దారి చూడకుండా అడుగుతూ నడవండి. స్టీలు సామాను తూకానికి అమ్మే దుకాణాలవి. బిందెలు ఒకదాంట్లో ఒకటి దూర్చి పైకప్పు దాకా పేర్చి ఉంటాయి. నేను ఒక్క గ్లాసంటే మొదటి దుకాణంలో తల అడ్డంగా ఊపారు, రెండోదాంట్లో డజనుకి తక్కువ ఇవ్వమన్నారు. మూడోదాంట్లో పెద్దాయన గ్లాసుని కాటా మీద పెట్టి, అంకె చూసి, తీసి, అంచు మీద గోరుతో కొట్టి వినిపించాడు. రేకు పల్చనైతే ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఇంకో గ్లాసు కొట్టి చూపించాడు. డజను కొనేవాడికి ఆ పాఠం చెప్పే తీరిక ఉండదు. ఇప్పుడు నేను ఏ ఊళ్లో గిన్నె కొన్నా ముందు గోరుతోనే కొడతాను.

లాడ్‌బజారుకి మొదటి రెండుసార్లు డబ్బు లేకుండా వెళ్లండి. లక్కని సెగ మీద మెత్తబరిచి, గాజు చుట్టూ తిప్పి, రాళ్లు ఒక్కొక్కటే అద్దే చేతులు చూడండి. మూడోసారి కొనండి, అప్పటికి ఆ గాజు వెనకాల ఎంత పనుందో మీకే తెలుస్తుంది. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. పొద్దున్నే వెళ్తే మంచివి దొరుకుతాయంటారు. సాయంత్రం వెళ్లండి, ఎవరూ ఏరుకోనివాటిల్లో ఒకటి తెచ్చుకోండి. నాకు అలాగే ఒక పాత కుట్టుపని పుస్తకం దొరికింది, లోపల ఎవరిదో జాకెట్టు కొలతల కాగితంతో సహా.

ఇక బోణీ. పొద్దున్నే బోణీ బేరం వదులుకోరు, గట్టిగా అడిగితే తగ్గిస్తారని మనవాళ్లందరికీ తెలుసు. ఆ అవసరాన్ని పట్టుకుని ధర నొక్కడం నాకు నచ్చదు. బోణీకే వెళ్లండి, అడిగినంత ఇవ్వండి. నోటు అందుకుని తక్కెడకి తాకించి, కళ్లకద్దుకుని, అప్పుడు గల్లాపెట్టెలో వేస్తారు. ఆ రోజంతా వ్యాపారం బాగా సాగితే మీ చేతినే తలుచుకుంటారు. "నీ చెయ్యి మంచిదమ్మా" అనిపించుకున్నవాళ్లకి ఆ వీధిలో వేరే పరిచయం అక్కర్లేదు.

బేరం తప్పని నేననడం లేదు. మా అమ్మ పిఠాపురం సంతలో ఆడే బేరం వినితీరాలి. కానీ ఆవిడ ముప్పయ్యేళ్లుగా కొంటున్న మనుషుల దగ్గర ఆడుతుంది. వాళ్ల పిల్లల పెళ్లిళ్లకి వెళ్లొచ్చింది. ముక్కూమొహం తెలియనివాడితో రెండు రూపాయలకి పేచీ పెట్టుకుంటే అది బేరం కాదు, తగువు.

మరి ఎప్పుడు మొదలుపెట్టాలంటారా? కొసరు కోసం చూడండి. మీరు అడక్కూడదు. ఏదో ఒక సాయంత్రం అంగట్లో డబ్బిచ్చి సంచి ఎత్తుకోబోతుంటే ఆ పెద్దావిడ "ఆగు బిడ్డా" అని రెండు కరివేపాకు రెబ్బలు తుంచి సంచిలో వేస్తుంది. నాకు పదకొండో వారం వేసింది. ఆ తర్వాతి వారం వెళ్లి, ఆనిగెపుకాయ చేత్తో పట్టుకుని, "ఇంత చెప్తావేంటవ్వా, తగ్గించు" అనండి.